చిన్న లివరు ఇరుక్కుంటే

చిన్న లివరు కదలటం లేదంటూ బండి వచ్చిందంటే ముందు చేతిలో ఉన్న స్పానరు కింద పెట్టండి. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇక్కడితో ఆపెయ్యవచ్చు కూడా. కానీ ఇంత చిన్న మాట నాకు ఒంటబట్టటానికి ముప్ఫై ఏళ్లకు పైగా పట్టింది. ఈలోగా ఒక మంచి మనిషి అన్నం నోటికాడ లాగేసినంత పని చేశాను. అది చెప్పకుండా నీతులు మాత్రం చెబితే మీరు వినరు. మీ వయసులో నేనూ వినలేదు.

మాది జంషెడ్‌పూర్‌లో బిర్సానగర్. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు పనికి వచ్చాడు. నేను ఐటీఐ చదివి, మాంగో పేటకు పోయే వంతెన దాటాక ఉన్న ఒక గ్యారేజిలో చేరాను. రెండేళ్ల కిందట అక్కడే పని మానేసి, చేతులు కడుక్కుని ఇంటికొచ్చాను. అందరూ నన్ను రావ్ మిస్త్రీ అంటారు, మిస్త్రీ అంటే ఇక్కడ మెకానిక్కు. ఫోర్‌వీల్ పికప్ బళ్ల పని అంటే ఊళ్లో సగం మంది డ్రైవర్లు నా పేరే చెప్పేవారు. గొప్పలు చెప్పుకుంటున్నాడు ముసలాడు అనుకుంటే అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు. గేటు లోపలికి బండి మలుపు తిరిగే చప్పుడు విని, టీ గ్లాసు కింద పెట్టకుండానే జబ్బేమిటో చెప్పిన రోజులున్నాయి. ఆ చెవే ఒకసారి నా కొంప ముంచింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ పికప్ బళ్లలో మామూలు గేరుపెట్టె వెనక ఇంకో చిన్న పెట్టె ఉంటుంది. దాన్ని ట్రాన్స్‌ఫర్ కేస్ అంటారు. మామూలుగా ఇంజను బలం వెనక చక్రాలకే పోతుంది. బురదలోనో, రాళ్ల ఎక్కుడులోనో డ్రైవరు పక్కనున్న చిన్న లివరు లాగితే ఈ పెట్టె ముందు చక్రాలకు కూడా బలం పంచుతుంది. దీన్నే ఫోర్‌వీల్ వెయ్యటం అంటాం. మంచి రోడ్డు రాగానే లివరును మళ్లీ యథాస్థానానికి తేవాలి. అదిగో, అప్పుడే అది రానని మొండికేస్తుంది.

ఎందుకు మొండికేస్తుందో కూడా చెబుతాను. ఫోర్‌వీల్‌లో ఉన్నప్పుడు ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే లెక్కన తిరగాలి, ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ కుదరదు. మలుపు తిరిగితే ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి కదా. మట్టి మీదయితే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద, సిమెంటు మీద జారదు. ఆ మెలి అంతా లోపల పేరుకుని, పళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని పట్టేస్తాయి. లివరు రాదు. మలుపుల్లో బండి మూలుగుతుంది. అందుకే తారు మీద ఫోర్‌వీల్ వెయ్యకూడదన్నది డ్రైవరు నేర్చుకునే మొదటి పాఠం. దీన్ని గుర్తుంచుకోండి, నా కథంతా దీని చుట్టూనే.

సర్దార్‌జీ దగ్గర

మా గ్యారేజి యజమాని ఒక సర్దార్‌జీ. తెల్లటి గడ్డానికి ఎప్పుడూ ఎక్కడో ఒకచోట గ్రీజు అంటుకుని ఉండేది. నాకు దొరికిన అదృష్టాల్లో ఆయన ఒకడు.

చేరిన కొత్తలో గనుల దారి నుంచి ఒక పికప్ వచ్చింది. చిన్న లివరు అస్సలు కదలటం లేదు. సర్దార్‌జీ ఊళ్లో లేడు. నా జేబులో ఐటీఐ సర్టిఫికెట్టు ఇంకా కొత్త వాసన వేస్తోంది. ఎవర్నీ అడగలేదు. బండిని పిట్టు మీదికి, అంటే కింద నిలబడి పని చేసే గుంట మీదికి, ఎక్కించి, ఆయిలు దింపి, ప్రొపెల్లర్ షాఫ్టులు విప్పి, పెట్టె మొత్తం కిందికి దించాను. రెండు రోజులు పట్టింది. విప్పి చూస్తే లోపల ఒక్క పన్ను కూడా అరగలేదు. కొత్త పెళ్లికూతురి నగల్లా మెరిసిపోతున్నాయి.

మూడో రోజు సర్దార్‌జీ వచ్చాడు. పిట్టులోకి దిగి బండి కింద దూరి, లివరు అడుగున రబ్బరు తొడుగు ఉండే చోట చెయ్యి పెట్టి కెలికాడు. నిమ్మకాయంత ఎర్రమట్టి గడ్డ తీసి నా అరచేతిలో పెట్టాడు. గనుల్లో ఇనుప రాతి పొడి వానలో తడిసి, ఎండలో ఆరి, లివరు కీలు చుట్టూ ఇటుకలా గట్టిపడిందన్నమాట. లివరు కదలకపోవటానికి కారణం అదే.

"దేఖ్ రావ్, అందర్ భగవాన్ హై, బాహర్ మిట్టీ హై. పహలే మిట్టీ దేఖ్" అన్నాడు. లోపల దేవుడున్నాడు, బయట మట్టి ఉంది, ముందు మట్టి చూడు అని.

తరువాత ఆ పెట్టెను నా ఒక్కడి చేతే మళ్లీ ఎక్కించాడు. అవసరం లేకుండా విప్పినందుకు ఆయిల్ సీలు కారింది, దాన్ని మళ్లీ దింపించాడు. సీలు మార్చి మళ్లీ ఎక్కించాను. ఆ వారమంతా నా వీపు మీద నేను పడుకోలేకపోయాను. కోపం వచ్చింది కానీ, నాకు పని వచ్చిందీ ఆ వారమే. అప్పటి నుంచి నా పద్ధతి మారలేదు. ముందు డ్రైవర్ని అడుగుతాను, ఎక్కడ పట్టేసింది, ఎలాంటి నేల మీద అని. తరువాత నేనే నడుపుతాను. పట్టేసి ఉంటే తిన్నగా పది అడుగులు వెనక్కి తీస్తాను, చాలాసార్లు మెలి విడిపోయి లివరు దానంతటదే వచ్చేస్తుంది. అప్పుడు కింద దూరి మట్టి, కీలు, బుష్షు, ఆయిలు చూస్తాను. పెట్టె విప్పటం అన్నిటికన్నా చివర.

అగ్రికో ఇంజనీరుగారి ఎలుక

తరువాత లివరు పోయి, గుండ్రటి బటన్ వచ్చింది. అది తిప్పితే కింద ఒక చిన్న మోటారు ఆ పని చేస్తుంది. లివరు బళ్లు ఇప్పటికీ ఉన్నాయి, కానీ కొత్తగా వచ్చేవాళ్లకు బటన్ బళ్లే ఎక్కువ తగులుతాయి కాబట్టి ఇదొకటి చెబుతాను.

అగ్రికో కాలనీలో ఉండే ఒక తెలుగు ఇంజనీరుగారు, శర్మగారు, సరదాకు ఫోర్‌వీల్ పికప్ కొనుక్కున్నారు. ఒకరోజు చేతిలో కొత్త మోటారు డబ్బాతో వచ్చారు.

"రావుగారూ, బటన్ తిప్పితే లైటు కొట్టుకుంటోంది కానీ ఫోర్‌వీల్ పడటం లేదండీ. మోటారే పోయింది. నేను మొత్తం చదివానండీ. ఇదిగో, తెప్పించేశాను కూడా, బిగించెయ్యండి చాలు" అన్నారు.

అంత చదువుకున్న మనిషి, అంత మర్యాదగా చెబుతున్నాడు. ఎదురు చెప్పటానికి నాకు మొహమాటం వేసింది. బిగించేశాను. లైటు అలాగే కొట్టుకుంటోంది. అప్పుడు కింద దూరి వైరు పట్టుకుని వెనక్కి పాకుతూ పోతే, ఛాసిస్ పక్కన వైర్లను ఎలుక కొరికి ఉంది. పక్కనే వేరుశనగ తొక్కలు, బొంత పీలికలు. సంసారమే పెట్టేసింది.

శర్మగారు వంగి చూసి చాలాసేపు నవ్వారు. "దీని గురించి ఎక్కడా రాయలేదండీ" అన్నారు.

పెద్ద మనసున్న మనిషి కాబట్టి నవ్వారు. తప్పు మాత్రం నాది. కస్టమరు చదువును గౌరవించండి, కుర్చీ వెయ్యండి, టీ తెప్పించండి. బండిని మాత్రం మీరే చూడండి. కంప్యూటరు పెట్టి చూస్తే ఏ వైపు లోపం ఉందో చెబుతుంది, మంచిదే, నేను దాన్ని వెటకారం చెయ్యను. ఎలుక ఉందని అది చెప్పదు. దానికి మీరు కింద దూరాల్సిందే. బట్టలు మాయకుండా ఈ పని చెయ్యాలనుకునేవాళ్లు ఇప్పుడే వేరే పని చూసుకోవటం మంచిది.

పూజకు వేసిన టైర్లు

ఇక అసలు విషయం.

సర్దార్‌జీ పోయాక గ్యారేజి ఆయన కొడుకు చేతికి వచ్చింది, నేను హెడ్ మిస్త్రీనయ్యాను. మా ఊళ్లో విశ్వకర్మ పూజ అంటే మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజు ఏ యంత్రమూ తిరగదు. ప్రతి గ్యారేజిలోనూ విగ్రహం, ప్రతి బండికీ బంతిపూల దండ. మా గ్యారేజిలో ఇంకో ఆనవాయితీ ఉండేది. పూజ రోజుకు ప్రతి బండికీ ఒక కొత్త వస్తువు పెట్టాలి. కొందరు హారను పెట్టేవారు, కొందరు సీటు కవర్లు. చెయ్యి పెద్దదయిన యజమానులు టైర్లు వేయించేవారు. నాలుగూ వేయించేవాళ్లు తక్కువ, రెండే. ఆ రెండూ ముందు చక్రాలకే. ఎందుకంటే పంతులు సిందూరం పెట్టేదీ, నిమ్మకాయలు తొక్కించేదీ, ఫోటో తీసేదీ ముందు నుంచే కదా. వెనక ఎవరు చూస్తారు?

అలా ఎన్ని బళ్లకు నా చేత్తో బిగించానో లెక్కలేదు. ఒక్కసారైనా అనుమానం రాలేదు.

గనుల వైపు సర్వే మనుషుల్ని తీసుకెళ్లే ఒక కాంట్రాక్టరు బళ్లన్నీ మా దగ్గరికే వచ్చేవి. మేనేజరు మిశ్రా. ఆ బళ్లలో ఒకటి తవిటినాయుడు నడిపేవాడు. అతను మా బిర్సానగర్‌లో మా వెనక వీధి. నాకన్నా పదేళ్లు చిన్న, నన్ను అన్నా అని పిలిచేవాడు. పన్నెండేళ్లుగా అదే కాంట్రాక్టరు దగ్గర, బండి మీద చిన్న గీత కూడా పడనివ్వలేదు.

పూజ అయిన కొన్ని వారాలకు తవిటినాయుడు బండి గేటులో మలుపు తిరుగుతూ మూలిగింది. నేను టీ తాగుతున్నాను. చప్పుడు వినగానే నవ్వాను.

"ఏట్రా తవిటీ, తారు మీద ఫోర్‌వీలేసి తోలుతన్నావా?"

"నేదన్నా. కొండ ఘాటీ దిగీసి సిమెంటు రోడ్డు కాడికొచ్చి లివరు తీసీబోతే అది రావట్నేదు. రివర్సు సేత్తే వత్తాది. మర్నాడు మల్లీ అదే."

నడిపి చూశాను. మలుపుల్లో అదురుతోంది, మూలుగుతోంది. కింద మట్టి లేదు, కీలు బాగుంది, ఆయిలు బాగుంది. పెట్టె విప్పాను. ముందు చక్రాలకు బలం అందించే లోపలి చెయిను సాగిపోయి ఉంది, గేరును జరిపే ఫోర్కు కొసలు అరిగిపోయి ఉన్నాయి. తారు మీద ఫోర్‌వీల్‌లో తోలితే సరిగ్గా ఇలాగే అవుతుంది. నాకు ఇక సందేహమే లేదు.

మర్నాడు మిశ్రా కౌంటరు దగ్గరికి వచ్చి, "గల్తీ కిస్‌కీ?" అని అడిగాడు, తప్పు ఎవరిదని. పక్కన బెంచీ మీద నలుగురు డ్రైవర్లు టీ తాగుతున్నారు, తవిటినాయుడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"డ్రైవర్ కీ" అన్నాను. బండి పని వివరాలు రాసే జాబ్ కార్డు మీద కూడా అదే రాశాను.

మిశ్రా వెళ్లిపోయాక తవిటినాయుడు నా దగ్గరికి వచ్చాడు. మొహం నల్లబడిపోయింది.

"అన్నా, నాను తారు మీద ఎయ్యనేదు. నా పిల్లల మీద ఒట్టు."

"గాడీ అబద్దం సెప్పదురా తవిటీ."

"అయితే నాను సెప్తన్నానా?"

చెయిను బిగించే పనిలో ఉన్నట్టు వంగిపోయాను.

మిశ్రా అతన్ని బండి దింపేశాడు. అంతటితో ఆగలేదు. గనుల్లోకి వెళ్లాలంటే డ్రైవరు పేరు మీద గేటు పాసు ఉండాలి. ఆ పాసు తీసి తన సొరుగులో పెట్టుకున్నాడు. నెలాఖరుకు నిర్లక్ష్యం అని కారణం రాసి గనికి తిప్పి పంపేస్తానన్నాడు. ఒకసారి అలా వెళ్లిందంటే ఈ చుట్టుపక్కల ఏ కాంట్రాక్టరూ ఆ మనిషిని బండి ఎక్కనివ్వడు. తవిటినాయుడికి ఇంకో పని రాదు. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు.

ఈ సంగతి మా ఆవిడ సత్యవతికి వీధిలో తెలిసింది. అన్నం పెడుతూ అడిగింది.

"ఆడు బీడీ కూడా ముట్టడు. గాడీ కడిగినాకే అన్నం తింతాడు. ఆడి మీద నిర్లచ్చం అని రాసీసినావా?"

"నీకేటి తెలుసు? పెట్టె ఇప్పి సూసినాను నాను."

"పెట్టె సూసినావు, మనిసిని సూసినావా?"

నాకు ఒళ్లు మండింది. కంచం ముందు నుంచి లేచిపోయాను. ఇన్నేళ్ల అనుభవం ముందు ఈ మాటలేమిటని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పని బాగా వచ్చినవాడికి ఒక రోగం ఉంటుంది, మొదట తోచిందే నిజమనుకోవటం. నాకు అది బాగా ముదిరి ఉంది.

మూడు వారాలు గడిచాయి. నెలాఖరు ఇంకా నాలుగు రోజులుందనగా అదే బండి మళ్లీ వచ్చింది. ఈసారి తోలింది చాయిబాసా నుంచి వచ్చిన కొత్త డ్రైవరు. లివరు రావటం లేదు. మలుపులో మూలుగు. నేను వేసిన కొత్త చెయిను, నేను వేసిన కొత్త ఫోర్కు. అతను కూడా, తారు మీద వెయ్యలేదు మిస్త్రీ జీ, అని దండం పెట్టి చెప్పాడు. ఒకరికొకరు తెలియని ఇద్దరు మనుషులు ఒకే అబద్ధం ఎందుకు చెబుతారు?

ఎవరితోనూ మాట్లాడకుండా బండి తీసుకుని దల్మా కొండ కింది మట్టి దారికి పోయాను. అక్కడ ఫోర్‌వీల్ వేశాను. హాయిగా నడిచింది. అక్కడి నుంచి సిమెంటు రోడ్డు ఎక్కి, స్టీరింగు వెంట్రుకవాసి కూడా తిప్పకుండా తిన్నగా కాస్త దూరం పోనిచ్చి, లివరు లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. రాలేదు.

మలుపు తిరిగితే పట్టెయ్యాలి, నాకు తెలుసు. తిన్నగా పోతే ఇంత తొందరగా ఎందుకు పట్టేసింది?

దిగి రోడ్డు పక్కన గొంతుక్కూర్చున్నాను. నా మొహానికి ఎదురుగా ముందు టైరు ఉంది. కొత్త టైరు పక్కల సన్నటి రబ్బరు వెంట్రుకలుంటాయి చూడండి, అవి ఇంకా రాలలేదు. అక్కడి నుంచే వెనక టైరు వైపు చూశాను. అది గుండు. గాడి ఉన్నట్టూ లేనట్టూ ఉంది.

ఆ ముందు టైర్లు బిగించింది నేనే. పూజ ముందు రోజు, నా చేతులతోనే.

గ్యారేజికి తెచ్చి, నేల మీద సుద్దతో గీత గీశాను. ముందు టైరుకో గుర్తు, వెనక టైరుకో గుర్తు పెట్టి, బండిని చేత్తో నెట్టించాను. ముందు చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ఎంత దూరం పోయిందో, వెనక చక్రం ఒక చుట్టుకు ఎంత పోయిందో కొలిచాను. ఒక్క చుట్టుకే రెండు వేళ్ల తేడా. పది చుట్లకు జానెడున్నర. అరిగిన టైరు చిన్నది, కొత్త టైరు పెద్దది. మామూలుగా తోలితే దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు. ఫోర్‌వీల్ వేశారో, మలుపుతో పనిలేదు, గట్టి నేల మీద తిన్నగా పోతున్నా మెలి పడుతూనే ఉంటుంది. ఘాటీ దిగి సిమెంటు రోడ్డు మీదికొచ్చి, లివరు తియ్యటానికి చెయ్యి వేసేలోపే అది బిగుసుకుపోతుంది. తవిటినాయుడు మొదటి రోజు చెప్పింది అక్షరం అక్షరం నిజం.

సర్దార్‌జీ కొడుక్కి చెప్పాను. అతను మంచివాడే, కానీ వ్యాపారస్తుడు. "రావ్ అంకుల్, చుప్‌చాప్ టైర్ బదల్ దో" అన్నాడు. చప్పుడు చెయ్యకుండా టైర్లు మార్చేసి, బాగుచేశామని చెప్పేద్దాం, మన తప్పని చెబితే ఆ కాంట్రాక్టరు బళ్లన్నీ పోతాయి అని. నిజానికి అతను అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. నా మనసు కూడా ఒక నిమిషం అటే లాగింది. కానీ సొరుగులో ఉన్న ఆ పాసు నాలుగు రోజుల్లో వెళ్లిపోతుంది.

"తప్పు గ్యారేజిది కాదు, నాదని చెబుతాను" అన్నాను హిందీలో. అతను ఆపలేదు. వాళ్ల నాన్న ఉంటే నాకన్నా ముందే బండి స్టార్టు చేసేవాడని అతనికీ తెలుసు.

బండిలో అరిగిన టైర్లు రెండు వేసుకుని కాంట్రాక్టరు యార్డుకు పోయాను. మిశ్రాను పక్కన కూర్చోబెట్టుకుని, యార్డు సిమెంటు నేల మీద ఫోర్‌వీల్ వేసి తిన్నగా నడిపి, లాగమన్నాను. అతని వల్ల కాలేదు. అక్కడే జాకీ పెట్టి ముందు టైర్లు తీసేసి, వెనక వాటితో సమానంగా ఉన్న పాతవి బిగించాను. మళ్లీ నడిపి, లాగమన్నాను. లివరు రెండు వేళ్లతో వచ్చేసింది.

"కొత్త టైర్లు ఎవరు వేశారు?" అన్నాడు మిశ్రా.

"నేనే."

"మరి డ్రైవరు తప్పని ఎందుకు రాశావు?"

"పెట్టె లోపల చూశాను సాబ్. కింద చక్రాలు చూడలేదు."

మిశ్రా తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నన్ను ఆఫీసులోకి తీసుకెళ్లి, తవిటినాయుణ్ని పిలిపించి, తలుపు వేసి, సొరుగులో నుంచి పాసు తీసి బల్ల మీద పెట్టి, రేపటి నుంచి డ్యూటీకి వచ్చెయ్యమన్నాడు. తవిటినాయుడు పాసు ముట్టుకోలేదు. నా వైపు తిరిగాడు.

"మిస్త్రీ జీ, ఆ దినం మీరు నలుగురి ముందర అన్నారు. ఇప్పుడు ఆపీసులో తలుపేసి సెప్తే ఎవులికి ఇనిపిత్తాది?"

అన్నా అని కాదు, మిస్త్రీ జీ. నువ్వు అని కాదు, మీరు. నన్ను అతను అంత దూరం నెట్టేశాడు, అది సబబే.

నేను బయటికి నడిచాను. యార్డు గేటు పక్కన టీ కొట్టు దగ్గర పది పన్నెండు మంది డ్రైవర్లున్నారు, మట్టి కప్పుల్లో టీ తాగుతూ. ఆ రోజు మా కౌంటరు దగ్గరున్న నలుగుర్లో ముగ్గురు అక్కడే ఉన్నారు. వాళ్ల మధ్యకు పోయి గట్టిగా చెప్పాను, అందరికీ అర్థమయ్యేలా హిందీలోనే.

"గల్తీ తవిటీ కీ నహీ థీ. గల్తీ మేరీ థీ. టైర్ మైనే లగాయే థే."

తప్పు తవిటీది కాదు, నాది, టైర్లు బిగించింది నేనే అని. ఒక్కడు కూడా నవ్వలేదు. ఎవడైనా నవ్వితే బాగుండుననిపించింది. తవిటినాయుడు లోపలికి పోయి పాసు తెచ్చుకుని, చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద ఒకసారి చెయ్యి వేసుకుని చూసుకున్నాడు. నా పక్క నుంచే నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

తరువాత

కాంట్రాక్టరు బళ్లు పోలేదు. మిశ్రా రెండు కొత్త టైర్లు తెప్పించి నాలుగూ సమానం చేయించాడు. మా గ్యారేజి గోడ మీద నేనే పెయింటుతో రాశాను: ఫోర్‌వీల్ బండికి టైర్లు నాలుగూ మార్చాలి, లేకపోతే ఒక్కటీ వద్దు. డ్రైవర్లు దాన్ని రావ్ కా కానూన్, అంటే రావు చట్టం, అని వెక్కిరించేవారు. మరుసటి పూజకు ఒక యజమాని రెండు టైర్లతో వచ్చి పోట్లాడాడు. నేను బిగించనన్నాను. పంతులు తెలివైనవాడు, సిందూరం గిన్నె పట్టుకుని బండి చుట్టూ తిరిగి నాలుగు చక్రాలకూ పెట్టేసి గొడవ తీర్చాడు. ఇప్పటికీ అక్కడ అలాగే చేస్తున్నారని విన్నాను. నా పని జీవితంలో నేను కట్టిన గుడి ఏదైనా ఉంటే అదే.

తవిటినాయుడు మాత్రం నా దగ్గరికి రాలేదు. బండి మా గ్యారేజికే వచ్చేది, కానీ నా పిట్టు దాటుకుని పోయి వేరే మిస్త్రీకి తాళం ఇచ్చేవాడు. వీధిలో ఎదురైతే తల ఊపేవాడు, అంతే. నేను నొచ్చుకోలేదంటే అబద్ధం. నమ్మకం అడిగి తెచ్చుకునేది కాదు కాబట్టి ఊరుకున్నాను. పని మాత్రం తల ఎత్తుకునే చేశాను. తప్పు చేసి దాచుకున్నవాడిలా ఒక్కరోజు కూడా ఉండలేదు, దానికి నాకు చాలా గర్వం.

మళ్లీ వానలు వచ్చాయి. ఒకరోజు పొద్దున తవిటినాయుడి పికప్ నిలువునా ఎర్రబురదతో గేటులోకి వచ్చింది. ఇద్దరు మిస్త్రీలు ఖాళీగా కూర్చుని ఉన్నారు, ఒకడు లేచి చెయ్యి చాపాడు కూడా. బండి వాళ్లను దాటి వచ్చి నా పిట్టు ముందు ఆగింది. తవిటినాయుడు దిగి, నా ఎదురుగా నిలబడి తాళం చాపాడు.

"లివరు బిగుసుకుపోతంది. ఇంకెవుల్నీ ముట్టనివ్వకు. నువ్వే సూడన్నా."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను చూడకుండా తాళం అందుకుని, చేతిలో ఉన్న స్పానరు బెంచీ మీద పెట్టేసి, బురదలో గొంతుక్కూర్చుని ముందు చక్రం తుడవటం మొదలుపెట్టాను.